పాత .32 రివాల్వర్‌కి ఏ బుల్లెట్ మేలు? పందికొక్కులు, అడవిపందులు, హాలో పాయింట్ సంగతి

పలమనేరు వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. తాతగారి .32 రివాల్వర్ లైసెన్సు ఈ మధ్యే తన పేరు మీదికి మారింది. చెనక్కాయ చేనులో పందికొక్కుల బెడద ఉంది. అడివి పక్కనే కాబట్టి అడవిపందులు కూడా దిగుతున్నాయి. అమెరికావాళ్ల వీడియోలు చూసి, హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉండి, ఒంట్లో విచ్చుకునే) బుల్లెట్లు వేస్తే ఈ చిన్న తూటా కూడా గట్టిగా పనిచేస్తుందని ఆయన నమ్మకం. షాపులో మాత్రం గుండ్రటి ముక్కున్న సీసం తూటాలే ఇస్తున్నారట. బుల్లెట్ మారిస్తే నిజంగా తేడా వస్తుందా, వస్తే ఏది అడగాలి అని ప్రశ్న.

నేను చిత్తూరు జిల్లా పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు చూసుకుని బాగుచేసే పనిలో, ఉండి రిటైరయ్యాను, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. ఎన్నికలొచ్చినప్పుడల్లా లైసెన్సు ఆయుధాలు స్టేషన్లలో డిపాజిట్ చేయిస్తారు కదా, అలా ఈ .32 రివాల్వర్లు, వాటితోపాటు వచ్చే తూటాలు నా చేతుల మీదుగా చాలానే వెళ్లాయి. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు జవాబు, తర్వాత కారణాలు. తూటా అంటే కేసు (ఇత్తడి గొట్టం), మందు, బుల్లెట్ అన్నీ కలిసినది; బుల్లెట్ అంటే అందులోంచి బయటికి దూసుకెళ్లే ముక్క మాత్రమే. ఈ తూటాలో పని చేసేది బుల్లెట్ ముక్కు ఆకారం. లోపలికి వెళ్లి విచ్చుకునే గుణం కాదు. పందికొక్కంత జీవికి చదును ముక్కున్న సీసం బుల్లెట్ అన్నిటికంటే మేలు. అది దొరక్కపోతే గుండ్రటి ముక్కు సీసమే చాలు, దగ్గర నుంచి సరిగ్గా గురిపెట్టగలిగితే. హాలో పాయింట్‌కి అదనంగా పెట్టే డబ్బు ఈ రివాల్వర్‌లో దాదాపు వృథా. అడవిపందికైతే ఏ బుల్లెట్ వేసినా ఈ తూటా చాలదు, దాని జోలికి వెళ్లొద్దు.

ఇక కారణాలు. మన దగ్గర .32 రివాల్వర్ అంటే సాధారణంగా .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటా వాడేది. కాన్పూర్‌లో తయారయ్యే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ రివాల్వర్‌ కూడా ఇదే తూటాకి చేసింది. ఈ తూటా 1896 నాటిది. అంతకు ముందు, 1878లో వచ్చిన .32 స్మిత్ అండ్ వెసన్ అనే పొట్టి తూటా కేసుని పొడుగు చేసి దీన్ని తయారుచేశారు. అప్పటి ఉక్కుకీ అప్పటి తుపాకి మందుకీ తగ్గట్టు చాలా తక్కువ ఒత్తిడితో నడిచేలా చేశారు. నూట పాతికేళ్లు దాటినా ఆ పరిమితి మారలేదు. మారకపోవడమే మంచిది, ఎందుకంటే ఆ కాలపు రివాల్వర్లు ఇప్పటికీ ఇళ్లలో ఉన్నాయి.

అంకెల్లో చెబితే, మామూలు ఫ్యాక్టరీ తూటాలో బుల్లెట్ బరువు 98 గ్రెయిన్లు, అంటే ఆరుంపావు గ్రాముల పైచిలుకు. నాలుగంగుళాల బారెల్ నుంచి సెకనుకు సుమారు 215 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. శక్తి లెక్క కడితే 150 జౌల్స్‌కి కాస్త అటూఇటూ. మన కాన్పూర్ రివాల్వర్ బారెల్ మూడంగుళాలే కాబట్టి అందులో ఇంకొంచెం తగ్గుతుంది. పోల్చి చూసుకోండి: .22 రైఫిల్ తూటా కూడా ఇంచుమించు ఇంతే శక్తి ఇస్తుంది. మనవాళ్లు స్టేషన్లలో ఏళ్ల తరబడి మోసిన .303 రైఫిల్ తూటా మూడువేల జౌల్స్ దాటుతుంది. .32 రివాల్వర్ చేతిలో బరువుగా, గంభీరంగా ఉంటుంది కానీ దాని దెబ్బ మాత్రం .22 రైఫిల్ దెబ్బతో సమానం. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ఇప్పుడు బుల్లెట్ జీవి ఒంట్లోకి వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. రైఫిల్ బుల్లెట్లు చాలా వేగంగా వెళతాయి కాబట్టి చుట్టూ ఉన్న కండని బలంగా పక్కకి సాగదీస్తాయి, ఆ సాగుడుకే చాలా నష్టం జరుగుతుంది. సెకనుకు 600 మీటర్ల కంటే బాగా తక్కువ వేగమున్న బుల్లెట్ల విషయంలో ఆ సాగుడు పెద్దగా లెక్కలోకి రాదు. కండ సాగి మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తుంది. బుల్లెట్ తన దారిలో నేరుగా నలిపి తెంచినదే గాయం. 215 మీటర్ల వేగంతో వచ్చే ఎనిమిది మిల్లీమీటర్ల సీసం ముక్క ఎంత నలుపుతుందన్నది దాని ముక్కు ఎలా ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది.

గుండ్రటి ముక్కు బుల్లెట్ కండని తెంచకుండా పక్కకి నెట్టుకుంటూ జారిపోతుంది. వెనక మిగిలే దారి బుల్లెట్ మందం కంటే సన్నగా మూసుకుపోతుంది. అందుకే పొట్టలో తగిలిన పందికొక్కు ఆ దెబ్బతోనే బొరియలోకి దూరి, గంటల తర్వాత లోపల చస్తుంది. ఇది రైతుకీ పనికిరాదు, ఆ జీవికీ నరకం. తల మీదో ముందుకాళ్ల వెనక గుండె దగ్గరో తగిలితే ఇదే బుల్లెట్ అక్కడికక్కడే పడేస్తుంది. గుండ్రటి ముక్కు చెడ్డదని కాదు, గురి తప్పితే క్షమించదు. దీనికున్న మంచి గుణం లోతుగా వెళ్లడం. కానీ పందికొక్కు ఒంట్లో ఉన్నదే కొన్ని అంగుళాల మందం. మిగిలిన లోతంతా అవతల నేలకో బండకో పోతుంది.

చదును ముక్కు బుల్లెట్ అలా కాదు. ముందుభాగం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి దారిలో ఉన్నదాన్ని పక్కకి నెట్టలేదు, ముందే నలిపి తెంచుకుంటూ వెళుతుంది. వాడ్‌కట్టర్ అని పిలిచేది ఈ రకంలో చివరి మెట్టు. పూర్తిగా స్తంభంలా ఉంటుంది, ముక్కే ఉండదు, కేసు అంచుకి సమానంగా లోపలికి దిగి ఉంటుంది. తూటాని చూస్తే ముందు బుల్లెట్టే లేదేమో అనిపిస్తుంది. దీన్ని తయారుచేసింది జీవుల కోసం కాదు. కాగితపు టార్గెట్ మీద గుండ్రటి ముక్కు బుల్లెట్ చిరిగిన అంచులతో రంధ్రం చేస్తుంది, పాయింట్లు లెక్కపెట్టడం కష్టం. వాడ్‌కట్టర్ అయితే పంచింగ్ మెషీన్ కొట్టినట్టు శుభ్రమైన గుండ్రటి రంధ్రం చేస్తుంది. అంతర్జాతీయ పోటీల్లో 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ విభాగంలో ఎక్కువమంది వాడేది .32 లాంగ్ వాడ్‌కట్టరే. మన షూటర్ జస్పాల్ రాణా 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లోనూ, 2006 దోహాలోనూ స్వర్ణం గెలిచింది ఈ విభాగంలోనే. మనం ముసలి తూటా అని పక్కన పెట్టేది ప్రపంచస్థాయి పోటీలో ఇంకా నిలబడి ఉందంటే కారణం అదే, మెల్లగా కొడుతుంది, కుదుపు తక్కువ, గురి చాలా బాగా నిలుపుతుంది.

కాగితం మీద శుభ్రంగా తెంచే ఆ పదునైన అంచు కండ మీద కూడా అదే పని చేస్తుంది. చిన్న జీవుల వేటలో .32 లాంగ్‌ని ఇష్టపడే అమెరికా పాతతరం షూటర్లు వాడ్‌కట్టర్‌నో, సెమీ వాడ్‌కట్టర్‌నో (కొద్దిగా ముక్కుండి, చివర చదునుగా ఉండేది) ఎంచుకునేది ఇందుకే. విచ్చుకోవాల్సిన అవసరమే దానికి లేదు, పుట్టుకతోనే పూర్తి వెడల్పుతో ఉంది. వేగం తగ్గినా ఆ వెడల్పు తగ్గదు. మూడంగుళాల బారెల్ నుంచైనా అంతే. మెల్లగా వెళ్లే పాత తూటాకి ఇంతకంటే నమ్మకమైన బుల్లెట్ లేదని నా అభిప్రాయం.

వాడ్‌కట్టర్‌కి పరిమితులున్నాయి, అవీ చెప్పాలి. గాలిలో దాని ఆకారం ఏమాత్రం అనుకూలం కాదు, వేగం త్వరగా పడిపోతుంది. పాతిక మీటర్ల లోపల అద్భుతంగా ఉండి, యాభై దాటాక చెదిరిపోతుంది. చాలావాటికి అడుగుభాగం బోలుగా ఉంటుంది, మెత్తటి సీసం. ఎక్కువ మందుతో తోస్తే ఆ అడుగు అంచు ఊడి బారెల్‌లోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుకని ఫ్యాక్టరీలో నింపిన వేగమే దానికి తగిన వేగం. ఇంకొకటి, మన దగ్గర ఇవి ప్రధానంగా పోటీ షూటర్ల కోసం దిగుమతి అయ్యేవి. మామూలు లైసెన్సుదారుకి ప్రతి షాపులోనూ దొరకవు. దొరక్కపోతే సెమీ వాడ్‌కట్టర్ గానీ, ముక్కు చివర కొద్దిగా చదునుగా ఉన్న సీసం బుల్లెట్ గానీ ఉందేమో అడగండి. ముక్కు చివర నాలుగైదు మిల్లీమీటర్ల చదును ఉన్నా గుండ్రటిదానికి, దానికి తేడా తెలుస్తుంది.

హాలో పాయింట్ దగ్గరకు వద్దాం, మీ అసలు ప్రశ్న అదే కదా. ముక్కులో గుంట ఉంటుంది. ఒంట్లోకి దిగగానే తడి కండ ఆ గుంటలోకి ఒత్తుకుని, గోడల్ని బయటికి తోసి, బుల్లెట్‌ని పువ్వులా విప్పాలి. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కలకత్తా దగ్గర డమ్ డమ్ ఆయుధ కర్మాగారంలో 1890ల చివర .303కి విచ్చుకునే బుల్లెట్లు చేశారు, ఆ పేరే ప్రపంచమంతా పాకింది. 1899లో హేగ్‌లో యుద్ధంలో అలాంటివి వాడకూడదని దేశాలు ప్రకటన చేసుకున్నాయి. కానీ అది రైఫిల్ తూటా. గుంటలోకి కండ బలంగా ఒత్తుకోవాలంటే వేగం కావాలి. చేతి తుపాకుల హాలో పాయింట్లు నమ్మకంగా విప్పాలంటే సాధారణంగా సెకనుకు 260, 270 మీటర్లైనా ఉండాలి. మన తూటాది బారెల్ చివర్లోనే 215. పదిహేను మీటర్లు వెళ్లేసరికి ఇంకా తక్కువ. పైగా పందికొక్కు ఒళ్లు ఎంత? బుల్లెట్ విప్పుకోవడం మొదలుపెట్టేలోపే అవతలికి వచ్చేస్తుంది. గుంట మూసుకుపోయి, విప్పుకోకుండా దూసుకుపోయిన హాలో పాయింట్ మరో గుండ్రటి ముక్కు బుల్లెట్ లాగే ప్రవర్తిస్తుంది. ఎక్కువ ధర పెట్టి అదే ఫలితం కొనుక్కున్నట్టు.

మరి వీడియోల్లో అంత బాగా విప్పుకుంటోంది కదా అంటారు. ఆ వీడియోల్లో తూటా ఏమిటో జాగ్రత్తగా చూడండి. 1984లో .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ వచ్చింది, 2000 దశకం చివర .327 ఫెడరల్ మాగ్నమ్ వచ్చింది. రెండూ .32 లాంగ్ కేసుని పొడిగించి, ఒత్తిడి బాగా పెంచి చేసినవే. బుల్లెట్ వ్యాసం ఒకటే, పేరులోనూ .32 ఉంటుంది, చూసేవాళ్లు ఒకటే అనుకుంటారు. వాటి వేగం మన తూటాకి అందనంత. ఆ రివాల్వర్లలో మన .32 లాంగ్ పేల్చవచ్చు కానీ వాటి తూటాలు మన రివాల్వర్‌లో వాడకూడదు. కొన్ని వీడియోల్లో ఆరంగుళాల బారెల్‌తో, సొంతంగా నింపుకున్న తూటాలతో చేస్తారు. అక్కడ గ్రౌండ్ స్క్విరల్స్, ప్రెయిరీ డాగ్స్ అనే నేలలో బొరియలు తవ్వే జీవుల్ని పంట శత్రువులుగా లెక్కగట్టి కాలుస్తారు, చట్టం కూడా చాలాచోట్ల ఒప్పుకుంటుంది. మన పరిస్థితి వేరు.

ఇంకో అలవాటు గురించి గట్టిగా హెచ్చరించాలి. కొందరు సీసం బుల్లెట్ ముక్కు మీద కత్తితో ప్లస్ గుర్తు కోసి ఇంట్లోనే డమ్ డమ్ చేశామంటారు. ఈ వేగంలో అది విచ్చుకోదు. గాట్లు సమానంగా పడవు కాబట్టి బుల్లెట్ గాలిలో ఊగి గురి పోతుంది. రాగి తొడుగు ఉన్నదాన్ని కోస్తే తొడుగు బారెల్‌లో ఉండిపోయి సీసం ఒక్కటే బయటికి పోవచ్చు. తర్వాతి తూటా పేల్చినప్పుడు బారెల్ ఉబ్బుతుంది. దయచేసి చేయకండి.

అసలు రాగి తొడుగు బుల్లెట్లే ఈ తూటాలో నాకు ఇష్టం లేదు. ఫుల్ మెటల్ జాకెట్ చూడ్డానికి మెరుస్తూ ఉంటుంది, బారెల్‌లో సీసం పేరుకోదు, నిల్వ బాగుంటుంది, అంతవరకూ నిజం. కానీ తొడుగు బుల్లెట్‌ని రైఫ్లింగ్ గాళ్లలోంచి (బారెల్ లోపల మెలికగా కోసిన గీతల్లోంచి) నెట్టడానికి సీసం కంటే ఎక్కువ బలం కావాలి. తక్కువ ఒత్తిడి తూటాలో, అరిగిన పాత బారెల్‌లో, నిల్వ ఉండి బలం తగ్గిన మందుతో అది మధ్యలోనే ఇరుక్కునే అవకాశం ఎక్కువ. పాత రివాల్వర్ల బారెళ్లు కొన్ని లోపల కాస్త వదులుగా ఉంటాయి. మెత్తటి సీసం వెనక నుంచి వచ్చే గ్యాస్‌కి కొద్దిగా ఉబ్బి ఆ సందు మూసుకుంటుంది, తొడుగు బుల్లెట్ మూసుకోలేదు. దాంతో గ్యాస్ పక్కల నుంచి తప్పించుకుంటుంది, వేగం పడిపోతుంది, గురి చెదురుతుంది. పేల్చినప్పుడు శబ్దం మెత్తగా, తేడాగా అనిపిస్తే వెంటనే ఆపేసి, రివాల్వర్ ఖాళీ చేసి, బారెల్‌లోంచి వెలుతురు కనిపిస్తుందా లేదా చూసిన తర్వాతే ఇంకో తూటా ముట్టుకోవాలి. ఉబ్బిన బారెళ్లు నేను చూసినవాటిలో చాలావాటి కథ ఇదే.

దీనికి తోడు తొడుగు ఉన్న గుండ్రటి బుల్లెట్ చిన్న జీవి ఒంట్లోంచి ఏమీ పోగొట్టుకోకుండా బయటికొస్తుంది. మన చిత్తూరు నేలల సంగతి మీకు చెప్పక్కర్లేదు. చేను మధ్యలో బండ, గట్టు మీద గుండ్లు, బావి చుట్టూ రాతి కట్టడం. నున్నటి గట్టి బుల్లెట్ ఏటవాలుగా రాతికి తగిలితే ఎటు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. మెత్తటి చదును ముక్కు సీసం అయితే తగిలినచోట నలిగే అవకాశం ఎక్కువ. అయినా దాన్ని కూడా రాతి మీదికి కాల్చడం క్షేమం కాదు. మడికట్టు మట్టి గానీ, కనీసం మోకాలెత్తు దున్నిన మట్టి కుప్ప గానీ వెనక ఉంటేనే ట్రిగ్గర్ మీద వేలు పెట్టాలి. రాత్రిపూట టార్చ్ వెలుగులో అవతల ఏముందో తెలియకుండా కాల్చకూడదు. పక్క చేనులో నీళ్లు కట్టుకునే మనిషి ఉండొచ్చు.

బుల్లెట్ రకం మార్చినప్పుడు చాలామంది మర్చిపోయే విషయం గురి మారడం. ఈ రివాల్వర్లకి సైట్లు స్థిరంగా ఉంటాయి, జరపలేము. బరువైన, మెల్లగా వెళ్లే బుల్లెట్ బారెల్‌లో కాస్త ఎక్కువసేపు ఉంటుంది, ఆలోగా కుదుపుకి బారెల్ పైకి లేస్తుంది, అందుకని దెబ్బ పైన పడుతుంది. తేలికైన వేగమైనది కింద పడుతుంది. కాబట్టి కొత్త పెట్టె కొన్నప్పుడు అనుమతి ఉన్న రేంజ్‌లో కాగితం మీద పది మీటర్ల నుంచి చూసుకోవాలి. మరో లెక్క: 215 మీటర్ల వేగంతో వెళ్లే బుల్లెట్ పాతిక మీటర్లకు సుమారు ఏడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. యాభై మీటర్లకు, గాలి నిరోధం పక్కన పెట్టినా, పాతిక సెంటీమీటర్లు దాటుతుంది. గాలిని కూడా కలిపితే ఇంకా ఎక్కువ. పందికొక్కు తల ఎంతుంటుందో ఆలోచించుకోండి. పొట్టి బారెల్ రివాల్వర్‌తో దీనికి సరైన దూరం పది, మహా అయితే పదిహేను మీటర్లు. అంతకు మించితే ఏ బుల్లెట్ వేశామన్న చర్చకే అర్థం లేదు.

అడవిపంది గురించి. పెద్ద మగపంది వంద కిలోలు దాటుతుంది. భుజాల మీద చర్మం కింద గట్టి పొర డాలులా ఉంటుంది. దాని వెనక ఎముక, ఆ వెనక గుండె. నూటయాభై జౌల్స్ తూటా దాన్ని చంపదు, గాయపరుస్తుంది. గాయపడ్డ పంది తిరగబడి మనుషుల్ని చీల్చడం మన పల్లెల్లో తెలియని విషయం కాదు. హాలో పాయింట్ వేస్తే ఇంకా అన్యాయం, ఒకవేళ విప్పుకుందే అనుకున్నా ఆ పొర దగ్గరే ఆగిపోతుంది. వాడ్‌కట్టర్ కూడా అంతే. ఇక్కడ బుల్లెట్ ఎంపికకి చోటే లేదు.

చట్టం సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపంది, కుందేలు, నెమలి అన్నీ రక్షణ ఉన్నవే. పంట నాశనం చేస్తున్నాయని మనంతట మనం కాల్చడానికి లేదు. సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతిస్తేనే. 2015, 2016లో బిహార్, ఉత్తరాఖండ్‌లలో కొన్ని ప్రాంతాలకు అడవిపందిని హానికర జంతువుగా కేంద్రం ప్రకటించింది. ఆ వార్త చూసి మనకీ వర్తిస్తుందని కొందరు అనుకుంటున్నారు, వర్తించదు. ఎలుకలు, పందికొక్కుల విషయం వేరు. పాత చట్టంలో ఎలుకలు ఐదో షెడ్యూల్‌లో, అంటే హానికర జంతువుల జాబితాలో ఉండేవి. 2022 సవరణలో ఆ షెడ్యూలే తీసేశారు.

ఆయుధ చట్టం వైపు నుంచి కూడా చూసుకోవాలి. 1959 చట్టం సెక్షన్ 13లో పంట రక్షణ కోసమని ప్రస్తావించింది ముందు నుంచి మందు కూరే నాటు రకం తుపాకీని. రక్షణకో క్రీడకో ఇరవై అంగుళాలకు తగ్గని నున్నటి బారెల్ తుపాకీని. రివాల్వర్ లైసెన్సు సాధారణంగా ఆత్మరక్షణ కోసం ఇస్తారు. మీ లైసెన్సు పుస్తకంలో ఏ అవసరానికి ఇచ్చారో, ఏ ప్రాంతానికి చెల్లుతుందో చదవండి. అక్కడ ఆత్మరక్షణ అని మాత్రమే ఉంటే, చేనులో పందికొక్కుల కోసం వాడే ముందు లైసెన్సు ఇచ్చిన కార్యాలయంలో అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. నోటిమాట మీద ఆధారపడొద్దు. కౌండిన్య అభయారణ్యం హద్దు మీకు దగ్గరే. అనుమతి లేకుండా ఆయుధంతో ఆ హద్దు దాటితే అదే ఒక కేసు.

నన్ను నిజంగా అడిగితే, పందికొక్కులకి రివాల్వర్ మొదటి ఎంపిక కాదు. వాటికి .177 ఎయిర్ రైఫిల్ చాలు. 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నదానికి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పొడుగు బారెల్, రెండు చేతుల పట్టు, భుజం ఆసరా ఉండటంతో పదిహేను మీటర్లలో తలకు గురిపెట్టడం రివాల్వర్ కంటే ఎన్నో రెట్లు తేలిక. ఇంకా మంచిది బొరియల దగ్గరే పట్టడం. మన చిత్తూరు, నెల్లూరు వైపు యానాదులకు ఈ పనిలో తరతరాల నేర్పుంది. ఏ బొరియలో జీవి ఉంది, ఏది వదిలేసినది అని మట్టి చూసి చెప్పేస్తారు. కుండతో పొగ ఊది, మిగతా దారులు మూసి పట్టేస్తారు. ఒక పూటలో వాళ్లు ఖాళీ చేసే గట్టుని రివాల్వర్‌తో నెలరోజులు కూర్చున్నా ఖాళీ చేయలేం. వాళ్లకి న్యాయమైన కూలి ఇచ్చి పిలవండి. పందులకి సోలార్ కంచె ఉంది. కరెంటు తీగ మాత్రం వేయొద్దు, మనుషులు పోతున్నారు.

ఇదంతా విన్నాక కూడా, అనుమతి ఉండి, దగ్గర దూరంలో రివాల్వరే వాడతానంటే కొనేముందు చూసుకోవాల్సినవి చెబుతాను. మొదట బారెల్ పక్కనో, ఫ్రేమ్ మీదో ఏ తూటాకి చేసిందో చెక్కి ఉంటుంది, అది చదవండి. తాతల నాటి రివాల్వర్లు కొన్ని 1878 నాటి పొట్టి .32కి చేసినవి, వాటిలో లాంగ్ తూటా పట్టదు. బలవంతంగా పట్టించకండి. .32 పిస్టల్ తూటా, అంటే 7.65 ఆటోమేటిక్‌ది, కొన్ని రివాల్వర్ల సిలిండర్‌లో (తూటాలు పెట్టే తిరిగే భాగంలో) దిగినట్టే దిగుతుంది. దాని గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 20,500 పౌండ్లు. .32 లాంగ్‌ది 15,000. పేల్చొద్దు. మధ్యలో విరిచి తూటాలు వేసే రకం అయితే పై లాచ్ వదులుగా ఊగుతోందా చూడండి. ఊగితే లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌కి చూపించే వరకు వాడకండి. సిలిండర్‌ని పూర్తిగా లాక్ చేసి అటూఇటూ కదిపి చూడండి, బారెల్‌కీ దానికీ సూటిగా కలవకపోతే బుల్లెట్ అంచు చెక్కుకుపోయి సీసం తునకలు పక్కలకి చిమ్ముతాయి. వాడ్‌కట్టర్ లాంటి మెత్తటి బుల్లెట్‌తో ఇది ఇంకా ఎక్కువ.

పెట్టెలో తాతగారి నాటి తూటాలు మిగిలి ఉంటే వాటిని లెక్క చూపి షాపులోనో స్టేషన్‌లోనో అప్పగించడమే మంచిది. ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే చిన్న మూత) కొట్టినా పేలకపోతే రివాల్వర్‌ని అర నిమిషం క్షేమమైన దిక్కుకే పట్టి ఉంచాలి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. కొత్తవాటిలో సీసం బుల్లెట్ వేలితో తిప్పితే కేసులో తిరగకూడదు. ముక్కు మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటే తీసుకోవద్దు. పేల్చడం అయ్యాక, అదే రోజు, బారెల్‌కి, సిలిండర్ రంధ్రాలకి కంచు బ్రష్ కొట్టండి. సీసం బుల్లెట్ వాడేవాళ్లు ఇది వాయిదా వేస్తే కొన్ని నెలల్లో గాళ్లు పూడిపోతాయి, అప్పుడు ఎంత మంచి బుల్లెట్ వేసినా గురి నిలవదు. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కుని గానీ అన్నం ముట్టొద్దు.

షాపులో అడగాల్సింది ఇంతే: ".32 లాంగ్, సీసం, 98 లేదా 100 గ్రెయిన్లు, చదును ముక్కు ఉందా?" లేదంటే గుండ్రటి ముక్కు సీసం తీసుకోండి. ఉన్న డబ్బులో ఇంకో పెట్టె ఎక్కువ కొని, లైసెన్సులో ఉన్న పరిమితి దాటకుండా, రేంజ్‌లో కాగితం మీద పేల్చండి. మీ లైసెన్సు పుస్తకంలో అవసరం అని ఉన్నచోట ఏం రాసుందో, బారెల్ మీద చెక్కింది ఏమిటో ఇక్కడే రాస్తే మిగతా సందేహాలకు కూడా జవాబు ఇస్తాను.